మొక్కజొన్నలో ఆకులు లెక్కపెట్టడం, దంటు చీల్చి చూడడం ఎలా?

తొలకరి పడితే చాలు, గుణుపురం సంతలో నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏటండీ మాస్టారూ, నాలుగాకులకి ఒకపాలి, ఎనిమిదాకులకి ఒకపాలి యూరియా ఎయ్యమంటన్నారు. నేను లెక్కెడితే తొమ్మిదొచ్చాయి, మా ఆవిడ లెక్కెడితే ఆరే వచ్చాయి. ఎవుల మాట నిజం?"

ఎక్కువసార్లు ఆవిడదే నిజం. ఎందుకో రెండో మెట్టులో చెప్తాను.

ఇంకో పద్ధతి రోజులు లెక్కపెట్టడం. ముప్పయ్యో రోజు అనో, యాభయ్యో రోజు అనో గోడ మీద బొగ్గుతో గీత గీసుకుంటారు. ఒకే ఊళ్లో, ఒకే పంటకాలంలో అది కొంతవరకు పనికొస్తుంది. కానీ మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఊరు మారితే వాతావరణమే మారిపోతుంది. గుణుపురం వంశధార ఒడ్డున, పల్లంలో, వేడిగా ఉంటుంది. అదే కోరాపుట్ వైపు సెమిలిగూడ ఎక్కితే సుమారు 900 మీటర్ల ఎత్తు, చలిగాలి. మొక్కజొన్న ఆకు వెయ్యాలంటే దానికి వేడి కావాలి, మన క్యాలెండర్‌తో దానికి పని లేదు. మా చేలో వేడి రోజుల్లో మూడు రోజులకో ఆకు విప్పుకుంటుంది. సెమిలిగూడలో మా బావ శీతాకాలం పంటలో అదే ఆకు కోసం అయిదారు రోజులు చూస్తాడు. ఆరాకుల మొక్క మాకు మూడు వారాలు దాటగానే వస్తే, ఆయనకి నెల దాటిపోతుంది. ఇద్దరం "ముప్పయ్యో రోజు" అని ఎరువేస్తే ఒకరిది ముందు, ఒకరిది వెనక. అందుకే ఆకు లెక్క. అది తెలియాలంటే ఆకు ఎక్కడ దంటుకి అతుక్కుంటుందో, దంటులో కణుపులు ఎలా పేరుకుంటాయో కళ్లతో చూడాలి. ఒక గంట పని.

కావలసినవి

పదునైన చాకు లేదా కొడవలి. మొక్కని వేళ్లతో సహా తవ్వడానికి బొరిగ. బకెట్టు నీళ్లు. సెంటీమీటర్ల స్కేలు, పిల్లల పెట్టెలోది చాలు. గోళ్లరంగు సీసా ఒకటి, ఎర్రది అయితే దూరానికి కనిపిస్తుంది. ఓ కాగితం, పెన్సిలు. చేను ఎకరమైనా అయిదెకరాలైనా, చీల్చడానికి నాలుగైదు మొక్కలు వదులుకోవాలి. అవి పోతే పంట పోదు, ఆ పిసినారితనం వద్దు.

1. ముందు ఒక ఆకుని పూర్తిగా చూడండి

గట్టు వారన ఉన్నది కాకుండా చేను లోపలి మొక్క దగ్గర కూర్చోండి. కింది నుంచి మూడో ఆకు పట్టుకోండి. దాని అడుగుభాగం దంటుని గొట్టంలా చుట్టుకుని ఉంటుంది. అది తొడుగు. పైన గాలికి ఊగే పొడవాటి భాగం రెక్క, దాని నడుమ తెల్లటి ఈనె. వరిలాగే దీనికీ కాడ ఉండదు, రెక్క నేరుగా తొడుగుకే అతుక్కుంటుంది.

ఆ అతుక్కున్న చోట ఆకు వెనక వైపు చూడండి. లేత పసుపు, తెలుపు కలిసిన అడ్డపట్టీ ఒకటి కనిపిస్తుంది. మా ఇంట్లో దాన్ని "మెడ" అంటాం, ఇక్కడా అదే మాట వాడతాను. మెడ లోపలి వైపు, దంటుకి ఆనుకుని సన్నని పొర ఉంటుంది. అదే ఆకు నాలుక, వాన నీళ్లు తొడుగులోకి దిగకుండా అడ్డం పడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

ఇక మొక్కని పక్కనుంచి చూస్తే ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు, రెండే వరసల్లో ఉంటాయి. ఇది గుర్తుంచుకోండి, లెక్క తప్పితే సరిచూసుకోవడానికి ఇదే ఆధారం.

2. మెడ కనిపించిన ఆకునే లెక్కపెట్టండి

అన్నిటికంటే కింద, నేలకి ఆనుకుని చిన్న ఆకు ఉంటుంది. మిగతా ఆకులన్నిటికీ చివర సూదిగా ఉంటే, దీనికి మాత్రం బొటనవేలి గోరులా గుండ్రంగా ఉంటుంది. అదే ఒకటో ఆకు. దాన్ని వదిలెయ్యకండి. అక్కడినుంచి ఇటు ఒకటి, అటు ఒకటి అనుకుంటూ పైకి రండి. మెడ బయటపడిన చివరి ఆకు దగ్గర ఆగిపోండి. ఆ అంకే మీ మొక్క వయసు.

మొవ్వులోంచి పైకి పొడుచుకొచ్చిన ఆకులు ఎంత పొడుగున్నా లెక్కలోకి రావు, వాటి మెడ ఇంకా లోపలే ఉంది. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. నిలబడి పైనుంచి చూసి కనిపించిన చివరలన్నీ లెక్కపెడితే రెండు నుంచి నాలుగు ఆకులు ఎక్కువ వస్తాయి. ఆయన తొమ్మిది, ఆవిడ ఆరు. ఆవిడ కలుపు తీస్తూ మొదట్లోంచి చూసింది, అదీ సంగతి.

నా సొంత తప్పు కూడా చెప్పాలి. మొదటి ఏడాది నేనూ చివరలే లెక్కపెట్టాను. ఎనిమిదాకులు అనుకుని పెద్ద మోతాదు యూరియా వేశాను, నిజానికి అవి అయిదు. మొక్కకి అంత ఆకలి లేని రోజుల్లో వేశాను, మూడో రోజు జడివాన, ఎరువంతా పల్లంలో ఉన్న పొరుగాయన వరి మడికి పోయింది. ఆ ఏడు ఆయన వరి మహా పచ్చగా పండింది.

3. ఒక్క మొక్క చూసి చేను వయసు చెప్పకండి

చేలో అయిదు చోట్ల, చోటుకి పది మొక్కలు చూడండి. అంకెలు కాగితం మీద రాయండి. సగం మొక్కలైనా ఏ లెక్కకి చేరితే అదే చేను లెక్క. యాభైలో ముప్పై మొక్కలు ఎనిమిది చూపిస్తే, మిగతావి ఏడులో ఉన్నా, మీ చేను ఎనిమిదాకుల మీద ఉన్నట్టే.

సగం మొక్కలు అయిదు, సగం ఎనిమిది అని వచ్చిందంటే మీ లెక్క తప్పలేదు, మొలక తప్పింది. విత్తనం ఒక లోతులో పడలేదన్నమాట. దానికి ఇప్పుడు మందు లేదు.

4. అయిదో ఆకుకి గుర్తు పెట్టండి

కింది ఆకులు ఎండి రాలిపోతాయి. దంటు లావెక్కుతూ తొడుగుల్ని చీల్చేస్తుంది, ఎనిమిదాకులు దాటేసరికి ఒకటీ రెండూ ఆకుల ఆనవాలే ఉండదు. అప్పుడు కనిపించినవాటినే ఒకటి నుంచి లెక్కపెట్టి చాలామంది వెనకబడతారు.

అందుకే అయిదాకుల మీద ఉన్నప్పుడే ఓ పాతిక మొక్కల్లో అయిదో ఆకు రెక్క మీద గోళ్లరంగు చుక్క పెట్టండి. పదో ఆకు వచ్చాక దానికీ ఒకటి. గోళ్లరంగు లేకపోతే ఆకు చివర కత్తెరతో అడ్డంగా కత్తిరించినా సరే. దారం కట్టేటట్టయితే వదులుగా కట్టండి, బిగిస్తే దంటు లావెక్కినప్పుడు కోసుకుపోతుంది.

5. గుర్తు పెట్టలేదా? దంటు చీల్చండి

దీన్ని కాస్త నిదానంగా చదవండి.

మొక్కని వేళ్లతో తవ్వి తీయండి. పీకితే మొదలు దగ్గర తెగిపోతుంది, తవ్వాలి. నీళ్లలో మట్టి కడగండి. పై నుంచి ఒక మూర వదిలేసి మిగతా ఆకు రెక్కలు కోసెయ్యండి, తొడుగులు మాత్రం ఉంచండి. ఇప్పుడు ఆకులు ఏ రెండు వైపులకి చాచి ఉన్నాయో ఆ వైపుగానే చాకు పెట్టి, వేరు మొదలు నుంచి పైకి నిలువునా రెండు చెక్కలు చెయ్యండి. నడిమధ్యలోంచి పోవాలి. పక్కకి జారితే కణుపు గీతలు సరిగా కనిపించవు, ఇంకో మొక్క తీసుకోండి.

మొదట్లో, వేళ్లు పుట్టే చోట, బొంగరాన్ని ముల్లు కిందికి నిలబెట్టినట్టు ఉండే భాగం కనిపిస్తుంది. అందులో అడ్డగీతలు ఒకదాని మీద ఒకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. అవి మొదటి నాలుగు కణుపులు. వాటి మధ్య దంటు సాగదు. బొంగరం పైన మొట్టమొదటిసారి తెల్లటి బెండు సుమారు ఒక సెంటీమీటరు మేర కనిపించి, దాని మీద ఒక అడ్డగీత వస్తుంది. ఆ గీతే అయిదో కణుపు. ఆ కణుపుకి అంటుకున్న తొడుగు అయిదో ఆకుది. స్కేలు పెట్టి చూడండి, కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు.

ఇక ఆ గీత దగ్గర "అయిదు" అనుకుని పైకి ఆరు, ఏడు, ఎనిమిది అని గీతకో ఆకు చొప్పున వెళ్లండి. మెడ కనిపించిన చివరి ఆకు ఏ గీత నుంచి వచ్చిందో అదే మీ లెక్క.

సరిచూసుకోవడం ఎలా? గోళ్లరంగు పెట్టిన మొక్క ఒకటి కూడా చీల్చండి. చుక్క ఉన్న ఆకు తొడుగు సరిగ్గా ఆ సెంటీమీటరు బెండు పైన ఉన్న గీతకే అంటుకుని ఉంటే మీ కన్ను కుదిరింది. తర్వాత నుంచి చుక్కలతో పని లేదు.

ఇక్కడ చేసే పొరపాట్లు రెండు. ఆరాకుల లోపు మొక్కని చీల్చి "బెండు కనపళ్లేదు మాస్టారూ" అంటారు. అప్పటికింకా కణుపులు సాగవు కదా, ఆ వయసులో ఆకులే లెక్కపెట్టుకోండి. రెండోది, బొంగరంలోని గీతల్ని విడివిడిగా లెక్కపెట్టాలని చూడడం. అవి కలిసిపోయి ఉంటాయి, కళ్లు పోతాయి తప్ప అంకె రాదు. నాలుగని నమ్మి పైకి వెళ్లండి.

6. చీల్చిన చెక్కలోనే ప్రాణం ఎక్కడుందో చూడండి

కణుపు గీతలన్నీ అయిపోయిన చోట, ఆకుల మడతల మధ్య చిన్న తెల్లటి మొన ఉంటుంది. కొత్త ఆకులన్నీ అక్కడే పుడతాయి. చివరికి జల్లు, అంటే తల మీద వచ్చే మగపూత, కూడా అక్కడే. అయిదాకుల దాకా ఈ మొన నేలకి కిందే ఉంటుంది. ఆరాకుల దగ్గర పైకి వస్తుంది, అక్కడినుంచి దంటు చకచకా సాగుతుంది.

ఇది తెలిస్తే మూడు నాలుగు ప్రశ్నలకి జవాబు మీకే దొరుకుతుంది. మేకలు పడి మూడాకుల చేను మేసేశాయి, దున్నెయ్యాలా? వద్దు, మొన మట్టిలో భద్రంగా ఉంది, మళ్లీ ఆకు వేస్తుంది. అదే తొమ్మిదాకుల మొక్కని మొదటికంటా కొరికేస్తే మొన కూడా పోయినట్టే. వడగళ్లు పడి ఆకులు పీలికలైతే తొందరపడి మళ్లీ విత్తనం కొనకండి. నాలుగైదు రోజులు ఆగి నాలుగు మొక్కలు చీల్చండి. మొన తెల్లగా, గట్టిగా ఉంటే బతుకుతుంది. గోధుమరంగుకి తిరిగి మెత్తబడి వాసన వస్తే దాని పని అయిపోయింది.

వరదది వేరే సంగతి. చిన్న మొక్క మొన నేలలో ఉంటుంది కాబట్టి నీళ్లు నిలిస్తే దానికి ఊపిరాడదు. వేడి రోజుల్లో రెండు రోజులు దాటి నీళ్లు నిలిచాయంటే అనుమానించాలి. వంశధార, నాగావళి పక్క పల్లపు చేలవాళ్లు నీళ్లు తీశాక తప్పకుండా చీల్చి చూడండి. పైకి పచ్చగా కనిపిస్తున్నా లోపల కుళ్లి ఉండవచ్చు.

7. ఇప్పుడు ఎరువు

లుధియానాలోని భారత మొక్కజొన్న పరిశోధన సంస్థ నత్రజనిని అయిదు దఫాలుగా వెయ్యమంటుంది: విత్తేటప్పుడు నూటికి 20, నాలుగాకులకి 25, ఎనిమిదాకులకి 30, జల్లు వచ్చేటప్పుడు 20, గింజ పాలు పోసుకునేటప్పుడు 5. పెద్ద వాటా ఎనిమిదాకులకి ఎందుకు పడిందో చీల్చిన దంటు చూస్తే అర్థమవుతుంది. అప్పటికి కణుపులు సాగుతుంటాయి, పొత్తు మొగ్గలు కణుపుల దగ్గర మొదలై ఉంటాయి.

అన్ని దఫాలు కూలీలతో కుదరదంటారా? మన వైపు అలవాటైన మూడు దఫాలే చెయ్యండి. విత్తేటప్పుడు ఒకటి, ఎనిమిదాకుల దగ్గర పెద్దది, జల్లు ముందు మిగతాది. ఎనిమిదాకులది మాత్రం తప్పొద్దు.

లెక్కలో మరిచిపోయేది డీఏపీ. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని ఉంటుంది, అంటే దాదాపు 20 కిలోల యూరియాతో సమానం. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే, అందులో నత్రజని సుమారు 20.7 కిలోలు.

వెయ్యడం: మొదలుకి జానెడు దూరంలో, తడి నేలలో, వేసి మట్టి కప్పాలి. నడుచుకుంటూ గుప్పిళ్లతో చల్లితే గుళికలు మొవ్వులో పడి ఆకుల్ని మాడ్చేస్తాయి. ఎనిమిదాకులప్పుడే మట్టి ఎగదోస్తే, ఆ తర్వాత కింది కణుపుల నుంచి దిగే ఊడవేళ్లకి పట్టు దొరుకుతుంది.

కలుపు మందు డబ్బా మీద కూడా ఎన్నాకుల వరకు కొట్టవచ్చో రాసి ఉంటుంది. పంట ఆకులా, కలుపు ఆకులా అన్నది సరిగ్గా చదవండి. 2,4-డి మందు పెద్ద మొక్క మీద పడితే కొన్నాళ్లు దంటు పెళుసుబారి గాలికే విరుగుతుంది.

8. ఆకు ఏ మెట్టులో చెడిందో చూసి కారణం పట్టండి

పసుపు కనిపించగానే యూరియా బస్తా విప్పకండి. ముందు ఎన్నో ఆకో చెప్పండి.

కింది ఆకుల్లో, చివర నుంచి ఈనె వెంబడి లోపలికి బాణంలా పసుపు దిగితే నత్రజని తక్కువ. కింది ఆకుల్లోనే అంచులు మాడితే పొటాష్. లేత మొక్క ఊదారంగుకి తిరిగితే భాస్వరం, అయితే చలి దెబ్బకి కూడా అలా అవుతుంది, కోరాపుట్ పైభాగం వాళ్లు నాలుగు రోజులు ఎండ వచ్చేదాకా ఆగండి. కొత్త ఆకుల్లో, మొదలు వైపు ఈనెకి రెండు పక్కలా తెల్లటి వెడల్పు పట్టీలు వస్తే జింకు.

ఆకు పొగాకు చుట్టలా చుట్టుకుంటే నీటి కొరత. ఆకు పైపొరలో నీళ్లు నింపుకునే పెద్ద కణాలుంటాయి, అవి ఖాళీ అయితే ఆకు ముడుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రానికి విప్పుకుంటే కంగారు లేదు. పొద్దున్నే ముడుచుకుని ఉంటే నీళ్లు పెట్టాల్సిందే.

ఆకుకి అడ్డంగా, కుట్టుమిషను మీద కుట్టినట్టు వరసగా చిల్లులుంటే పురుగు ఆ ఆకుని మొవ్వులో చుట్టుకుని ఉన్నప్పుడు కొరికిందని అర్థం. ఒక్క కాటు అన్ని మడతల్లోంచి పోయింది. కాబట్టి చిల్లులున్న ఆకు మీద మందు కొట్టి లాభం లేదు, మొవ్వు లోపల చూడండి. మొవ్వు నిండా రంపపు పొట్టులాంటి రెట్ట, పురుగు తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై గుర్తు ఉంటే అది 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగు. కాండం తొలిచేదైతే మొవ్వు ఎండి, లాగితే చేతికి వస్తుంది. ఏ పురుగైనా సరే, పిచికారీ ముక్కు మొవ్వులోకే పెట్టాలి, పొద్దున్నో సాయంత్రమో.

9. కోతకి ముందు దంటు బలం పరీక్ష

మొక్కజొన్న దంటు అడ్డంగా కోస్తే బెండులో చుక్కలు చుక్కలుగా నాళాలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి, అంచు వైపు ఒత్తుగా ఉంటాయి. లేత దంటు ముక్కని ఎర్రసిరా నీళ్లలో కొన్ని గంటలు నిలబెడితే ఆ చుక్కలే ఎర్రబడతాయి, పిల్లలకి చూపించండి. చెట్టు మానులా ఇది ఏటికేడు లావెక్కేది కాదు. దంటు మందం చిన్నప్పుడే తేలిపోతుంది, తర్వాత ఎంత ఎరువేసినా ఆ లోటు తీరదు. నిలబెట్టేది అంచున ఉన్న గట్టి పెచ్చే.

గింజ గట్టిపడ్డాక చేలో పది చోట్ల, చోటుకి పది మొక్కలు తీసుకోండి. నేలకి పైన రెండో కణుపు, మూడో కణుపు మధ్య బొటనవేలు, చూపుడువేలుతో గట్టిగా నొక్కండి. నొక్కుకుపోతే లోపల బెండు కుళ్లిందన్నమాట. లేదా పొత్తు ఎత్తున చెయ్యి పెట్టి దంటుని పక్కకి కొంచెం వంచి వదలండి, లేచి నిలబడాలి. నూటికి పది కంటే ఎక్కువ పడిపోయినా, నొక్కుకుపోయినా ఆ చేను ముందు కోసుకోండి. కొండవాలు చేలలో గాలి ఎక్కువ, అక్కడ ఇంకా ముందే.

పశువులకి పై ఆకులు ఎప్పుడు కొయ్యవచ్చు?

ఇదీ సంతలో అడిగేదే. పొత్తు పక్క ఆకు, దాని పైనున్న ఆకులే గింజకి తిండి పెడతాయి. పీచు ఎండింది కదా అని తలలు కోసేస్తే గింజ తేలిపోతుంది. ఒక పొత్తు తుంచి, నడుమ వరసలోంచి గింజ ఒకటి ఊడదీసి, కండెకి అతుక్కునే మొన దగ్గర గోరుతో గీకండి. అక్కడ నల్లటి పొర కనిపిస్తే గింజ నిండినట్టే, పై భాగం కోసి ఆవులకి వెయ్యండి. ఇంకా తెల్లగా ఉంటే ఓ వారం ఆగి మళ్లీ గీకి చూడండి.